గోడ పాదం తడవకూడదు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తూ మా మామ్మ వాళ్ల మట్టి ఇంటి గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. సగానికి పైగా "మాకూ ఉండేదండీ అలాంటి ఇల్లు" అన్న ఉత్తరాలే. అందుకని ఈసారి పేజీలన్నీ మట్టి ఇళ్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తగారి కాలం నాటి మట్టి గోడల ఇల్లు, పైన పెంకు. రెండేళ్లుగా గోడల అడుగు పొడి పొడిగా రాలిపోతోంది, లోపలి వైపు తెల్లగా ఉప్పులా పూస్తోంది. మేస్త్రీ చూసి నడుం ఎత్తు వరకూ సిమెంటు ప్లాస్టరింగ్ చేసేస్తే సరిపోతుందన్నాడు. మా తోడికోడలు పడగొట్టి డాబా వేసుకోమంటోంది. మా ఆయనకి పడగొట్టడం ఇష్టం లేదు. నాకేమో రాత్రిళ్లు గోడ పడుతుందేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ సిమెంటు మాట పక్కన పెట్టండి. మట్టి గోడ నేలలోంచి ఎంతో కొంత చెమ్మ పీలుస్తూనే ఉంటుంది, అది గోడ మీదుగా ఆరిపోతున్నంత కాలం ఏమీ కాదు. సిమెంటు మెత్తితే ఆరే దారి మూసుకుపోతుంది. అప్పుడు చెమ్మ ఇంకా పైకి ఎక్కి, సిమెంటు ఆగిన చోట, అంటే మీ నడుం ఎత్తుకు పైన, మళ్లీ ఉప్పు పూస్తుంది. లోపల మట్టి మెత్తబడుతూ ఉంటుంది, పైకి గోడ నున్నగా కొత్తదానిలా కనిపిస్తూ ఉంటుంది, ఒకరోజు ఆ సిమెంటు పెచ్చు ఊడి పడేటప్పుడు జానెడు మట్టిని కూడా లాక్కుపోతుంది. ఇప్పుడు రాలుతున్న పొడి మీకు కనపడుతోంది కాబట్టి జాగ్రత్త పడుతున్నారు. సిమెంటు పూశాక అది కూడా కనపడదు, నాకు భయం అందుకే.

ఇన్నేళ్లు లేనిది ఈ రెండేళ్ల నుంచే ఎందుకొచ్చిందో చూడండి. మీ వీధిలో కొత్తగా సీసీ రోడ్డు వేశారా? మన డెల్టా ఊళ్లలో నేను చూసిన చాలా ఇళ్లకి వచ్చిన జబ్బు ఇదే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు, పోసినప్పుడల్లా వీధి జానెడు లేస్తుంది, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన అరుగు వీధికి సమానమైపోతుంది. ఇంక వాననీళ్లు గుమ్మం వైపు కాక ఎటు తిరుగుతాయి! ఈసారి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లెక్కడ నిలుస్తున్నాయో మీ కళ్లతో చూడండి. చూరు నీళ్లు గోడకి దగ్గరగా పడుతున్నాయా, కుళాయి గట్టు గోడకి ఆనుకుని ఉందా, పూల మొక్కలకని గోడ వారన మట్టి పోసి రోజూ నీళ్లు పోస్తున్నారా, ఇవన్నీ చూడాలి. గోడ చుట్టూ నేలని బయటికి వాలుగా చేయించి, నీళ్లు పోయేందుకు చిన్న కాలువ తీయించండి. ఇది చెయ్యకుండా గోడకి ఏ పూత పూసినా డబ్బు దండగే.

ఆ తర్వాతే గోడ పని, అదీ వేసవిలోనే. రాలే మట్టంతా గట్టి మట్టి తగిలేవరకూ గీకెయ్యాలి. ఆ గోడలో ఉన్నలాంటి మట్టే తెచ్చి, ఊక, సన్నగా నరికిన వరిగడ్డి కలిపి రెండు మూడు రోజులు నానబెట్టి, కాళ్లతో బాగా తొక్కాలి. గోడని తడిపి పల్చగా ఒక పూత మెత్తి, అది ఆరి సన్నటి బీటలు వచ్చాక రెండోది మెత్తాలి. ఒకేసారి మందంగా మెత్తితే ఊడిపోతుంది. వట్టి రేగడి మట్టి వాడకండి, అది తడిస్తే ఉబ్బి, ఎండితే పగులుతుంది, ఇసుక పాలు ఉన్న గరప మట్టి కలవాలి. మట్టి ఎలాంటిదో తెలియాలంటే గాజు సీసాలో సగానికి మట్టి, మిగతా సగం నీళ్లు పోసి గట్టిగా ఊపి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దానిపైన ఒండ్రు, అన్నిటికంటే పైన జిగురు మట్టి వరసగా పేరుకుంటాయి. జిగురు మట్టి మొత్తంలో ఐదో వంతో నాలుగో వంతో ఉంటే చాలు. చివర్లో సున్నం వెయ్యండి, పెయింటు వద్దు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గోడ మందంలో మూడో వంతు కంటే లోతుకి తినేసినా, గోడ ఒక పక్కకి ఒరిగినా, గుమ్మం మూలల్లో వేలు దూరేంత బీట ఉన్నా ఇంటివాళ్లు చేసుకునే పని కాదు. ముందు దూలాల కింద గుంజలు ఆనించి, మట్టి పని తెలిసిన మేస్త్రీకి, ఒక ఇంజనీరుకి చూపించండి. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లున్నన్ని రోజులూ తూర్పు గోడ నిలబడే ఉంది. నీళ్లు తీసిన రెండో రోజు, చక్కగా ఎండ కాస్తుండగా కూలిపోయింది. మామ్మ ముందే మంచాలు, బిందెలు అన్నీ వీధిలోకి తీయించి, పిల్లలెవరినీ లోపలికి పోనివ్వలేదు కాబట్టి బతికిపోయాం. నీళ్లు పోయాయి కదా అని లోపలికి వెళ్లడమే ప్రమాదమని ఆవిడకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

మీ ఆయన మాట నిలవాలంటే ఒక ఉదాహరణ చెబుతాను. యెమెన్ దేశంలో షిబామ్ అని ఒక ఊరుంది. ఐదు నుంచి ఏడు అంతస్తులు, ఇంకా ఎక్కువ కూడా ఉన్న మేడలు, అన్నీ పచ్చి ఇటుకలతో కట్టినవే, చాలా వరకు 16వ శతాబ్దం నాటి కట్టుబడి. ఆ ఊరు వాగులో కాకుండా వాగు పక్కన మెరక మీద ఉంది, మేడల పై భాగాలకి వాన ఆగేలా సున్నం పూస్తారు. 1982లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పచ్చి మట్టి అన్నేళ్లు ఆగిందంటే పాదం తడవకుండా, నెత్తి తడవకుండా చూసుకున్నారు కాబట్టే. 2008లో వరద వచ్చి ఆ పాదం తడిసినప్పుడు దానికీ దెబ్బ తగిలింది.

ప్రశ్న: మేడమ్, నేను తణుకులో ఇంటర్ చదువుతున్నాను. చైనాలో, టర్కీలో జనం కొండలు, నేల తొలిచి లోపల ఇళ్లు చేసుకున్న వీడియోలు చూశాను. మన గోదావరి జిల్లాల్లో అలాంటివి ఎందుకు లేవు? మనవాళ్లకి తెలియకనా?

జవాబు: తెలియక కాదు బాబూ. మీ తాతగారి ఊళ్లో పెరట్లో వానాకాలంలో గునపం పెట్టి తవ్వి చూడు, నాలుగైదు అడుగులు వెళ్లేసరికి నీళ్లు ఊరతాయి. గోదావరి తెచ్చి పరిచిన ఒండ్రు మీద కూర్చున్నాం మనం, ఇక్కడ నేలలో గది తవ్వితే అది నుయ్యి అవుతుంది. మనవాళ్లు చేసింది దానికి తలకిందులు పని. ఇంటి పక్కనే గుంట తవ్వి, ఆ మట్టితోనే ఇంటికి మెరక పోసి, మిగిలిన మట్టితో గోడలు పెట్టారు. ఆ గుంటలో గేదెలు పడుకున్నాయి, బాతులు ఈదాయి. లంక గ్రామాల్లో పాత ఇళ్ల పక్కన గుంటలు కనపడితే అవి ఆ ఇళ్లు లేచిన చోటు అనుకో.

చైనా సంగతి వేరు. ఉత్తరాన షాన్‌షీ చుట్టుపక్కల గాలికి కొట్టుకొచ్చిన సన్నటి పసుపుపచ్చ మట్టి వందల అడుగుల మందాన పేరుకుని ఉంది. పారతో తవ్వితే తెగుతుంది, తవ్విన కమాను ఆకారం నిలబడుతుంది, వానలు తక్కువ. కొండ వాలులోకి తవ్వుకుంటారు, చదును నేల అయితే ముందు పెద్ద నలుచదరపు గొయ్యి తవ్వి, ఆ గొయ్యే వాకిలిగా నాలుగు వైపులా గదులు తొలుస్తారు. ఆ ఇళ్లని యావ్‌డాంగ్ అంటారు, ఇప్పటికీ లక్షల మంది ఉంటున్నారు. ట్యునీషియాలో మత్మాతా ఊళ్లోనూ ఇలా గొయ్యి వాకిళ్లే. టర్కీలో కప్పడోకియా ప్రాంతం అగ్నిపర్వతాల బూడిద గట్టిపడిన మెత్తని రాయి, ఉలికి తేలిగ్గా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అక్కడ డెరిన్‌కుయు అనే ఊరి కింద సుమారు 85 మీటర్ల లోతు దాకా అంతస్తులు అంతస్తులుగా గదులు, కొట్టాలు, నూతులు, గాలి గొట్టాలు ఉన్నాయి. శత్రువులు వచ్చినప్పుడు పశువులతో సహా దిగి దాక్కునేవారు. 1963లో మళ్లీ బయటపడింది. మన దేశంలోనూ ఉన్నాయి, కాశ్మీరులో బుర్జహోమ్ దగ్గర కొత్త రాతియుగం వాళ్లు పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా గోతులు తవ్వుకుని చలికాలం గడిపారని అంటారు.

వీడియోల్లో అందంగా కనిపించేవాటికి ఇంకో ముఖం కూడా ఉంది. 1556 జనవరిలో షాన్‌షీ భూకంపంలో సుమారు 8 లక్షల 30 వేల మంది పోయారని చైనా చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి, వాళ్లలో చాలామంది ఈ మట్టి గుహల్లో నిద్రపోతున్నవాళ్లే. ఇటలీలో మతేరా అనే ఊళ్లో రాతి గుహల్లో మనుషులూ గాడిదలూ ఒకే గదిలో ఉండేవారు, జబ్బులతో పిల్లలు చచ్చిపోతుంటే 1952లో చట్టం చేసి జనాన్ని బయటికి తరలించారు. అవే గుహలు 1993లో వారసత్వ సంపద అయ్యాయి. ఇప్పుడు అందులో హోటళ్లున్నాయి.

ప్రశ్న: కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలకి మా ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్తున్నాను. అవి బౌద్ధ భిక్షువులవని చెబుతాం, అంతకుమించి చూపించేది ఏముంటుంది?

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్న చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గుండ్రటి చైత్యం, అంటే భిక్షువుల పూజా మందిరం, ఉంది కదా, లోపల రాతి స్తూపం ఉన్నది, పిల్లల్ని అందులోకి తీసుకెళ్లి స్తూపం సంగతి తర్వాత చెబుతానని ముందు తలెత్తి పైకప్పు చూడమనండి. రాతి కప్పుకి వాసాలు ఉంటాయి. నడి నెత్తిన ఒక చోటి నుంచి చుట్టూ కిందికి దిగే వాసాలు, వాటిని అడ్డంగా పట్టే బద్దలు. రాతికి వాసాలెందుకు? ఏ బరువూ మొయ్యవవి. ఆ కొండ తొలిచినవాళ్లకి ఇల్లంటే గుండ్రటి గుడిసె, దాని మీద కర్ర వాసాలు, గడ్డి కప్పు. రాయి తొలుస్తున్నా చేతికి వచ్చిన ఇల్లు అదే. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం ప్రాంతం నాటి పని అది. ఆనాటి మట్టి గుడిసె ఒక్కటి కూడా మనకి మిగల్లేదు, గడ్డి కుళ్లింది, కర్రని చెదలు తిన్నాయి, గోడ మట్టిలో కలిసింది. గుడిసె లోపల పడుకుని పైకి చూస్తే ఎలా ఉండేదో మాత్రం ఆ రాతిలో అలాగే ఉండిపోయింది. బీహారులో అశోకుడి కాలం నాటి బరాబర్ గుహల్లోనూ ఇదే చూడొచ్చు, లోమస్ ఋషి గుహ గుమ్మం అచ్చం గడ్డి ఇంటి ముఖం.

వీలైతే తిరిగొచ్చేటప్పుడు పిల్లల్ని ఎక్కడైనా పాత పశువుల పాకలోకి తీసుకెళ్లి మళ్లీ పైకి చూడమనండి.

ప్రశ్న: గుండ్రటి మట్టి ఇళ్లు తుఫానుకి ఆగుతాయంటారు, నిజమేనా? (యానాం నుంచి)

జవాబు: నిజమే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లని ఉంటాయి, గుండ్రటి మట్టి గోడ, దాని మీద దాదాపు నేలకి దిగే గడ్డి కప్పు. గాలికి గట్టిగా తగలడానికి చదును గోడ దొరకదు, పక్కల నుంచి జారిపోతుంది, కప్పు కిందికి ఉంటే గాలి దూరి లేపడమూ కష్టం. గుజరాత్ కచ్‌లో భుంగా అనే గుండ్రటి మట్టి ఇళ్లు 2001 జనవరి 26 భూకంపంలో కూడా మిగతా వాటికంటే బాగా నిలబడ్డాయి. అయితే గాలికి ఆగడం వేరు, ఉప్పెనకి ఆగడం వేరు. 96 తుఫాను చూసిన కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. హెచ్చరిక వస్తే ఇల్లు ఏ ఆకారంలో ఉన్నా వదిలి తుఫాను షెల్టరుకి వెళ్లిపోవాల్సిందే.

ప్రశ్న: మట్టి ఇల్లు ఏసీ లాగా చల్లగా ఉంటుందని ఇప్పుడు అందరూ అంటున్నారు. భీమవరంలో కట్టుకుంటే ఏసీ అక్కర్లేదా?

జవాబు: అలా నమ్మి కట్టుకోకండి. మందపాటి మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చి రాత్రికి వదులుతుంది. రాత్రి బాగా చల్లబడే ఎడారి ఊళ్లలో అది వరం. మనకి మే నెలలో రాత్రి కూడా ఉక్కే కదా, గోడ చల్లారడానికి సందు తక్కువ. మన పాత ఇళ్లు హాయిగా ఉండేవంటే సగం పుణ్యం తాటాకు కప్పుది, కిందికి దిగిన చూరుది, గాలికి ఎదురెదురు గుమ్మాలది, చుట్టూ కొబ్బరి చెట్ల నీడది. మట్టి గోడ పెట్టి పైన రేకు వేస్తే ఉడికిపోతారు.

ప్రశ్న: నా చిన్నప్పుడు ముమ్మిడివరం దగ్గర మాకు మట్టి గోడల తాటాకిల్లు ఉండేది. డాబా వేశాక మా నాన్నగారు ఆ ఇంటి ఫోటో కూడా గోడకి పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఆయన లేరు. మట్టి ఇంట్లో పుట్టామని చెప్పుకోవడం అంత సిగ్గుపడాల్సిన విషయమా? నాకు ఇది చాలా రోజులుగా మనసులో ఉంది.

జవాబు: సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ. కానీ మీ నాన్నగారిని కూడా తప్పు పట్టకండి. ఆ ఇంటి కష్టం పడింది ఆయన. వేసవిలో ఊళ్లో ఎక్కడో పొగ లేస్తే కప్పు మీదికి ఎక్కి నీళ్లు చల్లిన మనిషి, రెండు మూడేళ్లకోసారి తాటాకు కొనడానికి అప్పు చేసిన మనిషి, గోడలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తే రాత్రి పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి, ఫోటోలో వేరేది చూస్తాడు. ఆ ఇల్లు వదిలినందుకు ఆయనకి గర్వంగా ఉండి ఉంటుంది.

పేదవాళ్ల ఇల్లు అన్న మాట మాత్రం చరిత్రలో నిలవదు. మనుషులు ఒక్కచోట ఊరు కట్టుకుని ఉండడం చాలా చోట్ల మొదలుపెట్టింది మట్టితోనే. బలూచిస్తాన్‌లో మెహర్‌గఢ్ దగ్గర సుమారు 9,000 ఏళ్ల కిందటే పచ్చి ఇటుకల ఇళ్లు కట్టారు. దాదాపు అదే కాలంలో టర్కీలో చాతల్‌హొయుక్ అనే ఊళ్లో వేల మంది ఉండేవారు. ఇంటికి ఇల్లు ఆనించి కట్టారు, వీధులు లేవు, కప్పు మీదుగా నడిచి నిచ్చెన వేసుకుని ఇంట్లోకి దిగేవారు. ఆ గోడల మీద తెల్లమట్టి పూతలు పొర మీద పొర పదుల కొద్దీ ఉన్నాయి, ఇల్లు ఉన్నన్నాళ్లూ పూస్తూనే వచ్చారు. మాలి దేశంలో జెన్నే పట్నంలో పెద్ద మట్టి మసీదు ఉంది, ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది, ఊరు ఊరంతా ఒకచోట చేరి ఏటా దానికి మట్టి మెత్తుతారు. అంత దూరం దేనికి, మన దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి కాలవల కింద వరి పండి డబ్బొచ్చాక లేచిన మండువా లోగిళ్లు ఎన్ని లేవు! వాటిలో పాతది ఏదైనా గోడ విప్పుతుంటే వెళ్లి చూడండి. చాలా వాటిలో పైన సున్నం, లోపల ఇటుక, ఇటుకకీ ఇటుకకీ మధ్య మట్టి అడుసే.

నా మటుకు నాకు మట్టి ఇల్లు తలుచుకుంటే ఇల్లు కాదు, పని గుర్తొస్తుంది. సంక్రాంతికి ముందు మా మామ్మ ఇల్లంతా అలికేది. ముందురోజే ఆవుపేడ, ఎర్రమట్టి కలిపి గాబులో నానబెట్టేది, పొద్దున్నే అందులో చెయ్యి పెట్టి వేళ్ల మధ్యనుంచి జారనిచ్చి చూసేది. మజ్జిగలా జారితే ఇంకాస్త మట్టి, ముద్దలా ఆగితే చెంబుడు నీళ్లు. గుడ్డతో కాదు, అరచేత్తోనే. గది మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ, కుడిచెయ్యి అర్ధచంద్రంలా తిప్పుతూ, ఒక వంపు అంచు మీద ఇంకో వంపు పడేలా గుమ్మం దాకా వచ్చేది. ఆరాక నేలంతా చేప పొలుసుల్లా ఆ వంపులు కనపడేవి. నేను అలికిన చోట వంకర టింకరగా ఉంటే ఏమీ అనకుండా పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుని తిప్పేది. ఆ చెయ్యి నడుము దగ్గర్నుంచి తిరగాలట. అలా ఏడాదికి ఎన్నిసార్లు! పండగకి, పెళ్లికి, పురిటికి, ముసురు తగ్గాక, ఇంటికి చుట్టాలొస్తుంటే. ఆ పని నలభై ఏళ్లు ఆవిడ చేసింది, ఆవిడ తర్వాత మా అమ్మ చేసింది, అమ్మకి మోకాళ్లు పోయాక ఎవరూ చెయ్యలేదు, రెండు వానాకాలాల్లో ఇల్లు పోయింది. మట్టి ఇళ్ల చరిత్ర రాసినవాళ్లు కట్టినవాడి గురించి రాస్తారు, అలికినామె గురించి ఎక్కడో గానీ రాయరు. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది.

ఆ ఫోటో ఇంకా మీ దగ్గర ఉంటే గోడకి పెట్టండి. వెనకాల ఆ ఇల్లు ఎవరెవరు అలికారో వాళ్ల పేర్లు రాసి పెట్టండి.

ప్రశ్న: మా పొలం పక్కన పాటి దిబ్బ ఉంది. పొలాలకి, ఇళ్ల మెరకకి ట్రాక్టర్లతో మట్టి తోలుకుపోతున్నారు. తవ్వినప్పుడల్లా కుండ పెంకులు, బూడిద, ఒకసారి పెద్ద ఇటుకలు వచ్చాయి. ఏమిటవి?

జవాబు: అవి ఇళ్లు. మట్టి ఇల్లు పడిపోతే ఎవరూ మట్టి ఎత్తి పారెయ్యరు, చదును చేసి దాని మీదే ఇంకోటి కడతారు. అలా వందల ఏళ్లలో ఊరి కింద నేల లేస్తుంది. టర్కీ భాషలో చాతల్‌హొయుక్ పేరులో ఉన్న హొయుక్ అంటే దిబ్బ అనే, అంటే వాళ్ల పాటి దిబ్బ. పొయ్యిల బూడిద, పశువుల పేడ, ఇంటి చెత్త అందులో కలిసి ఉంటాయి కాబట్టే పాటి మన్ను చేలకి అంత బలం, అందుకే మీ ట్రాక్టర్లు. కోనసీమలో ఆదుర్రు దగ్గర దిబ్బ కింద నుంచి ఇటుకల బౌద్ధ స్తూపం బయటపడింది కదా, పెద్ద ఇటుకలంటే ఊరికే వదిలెయ్యకూడదు. ఒక ఇటుకని కొలిచి పొడవు, వెడల్పు, మందం రాసుకోండి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి, ఏ వైపు ఎంత లోతులో దొరికిందో రాయండి. వాటితో తహసీల్దారు ఆఫీసులో, పురావస్తు శాఖలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పెంకులు కడగకండి, అంటిన మట్టితోనే కాగితంలో చుట్టి పెట్టండి. ట్రాక్టరు వాళ్లతో గొడవ వద్దు, వాళ్లకీ ఆ ఇటుక చూపించండి. వాళ్ల ముత్తాతల ఇళ్లు కూడా అందులోనే ఉండొచ్చు.